పాయింట్లతో ఆమ్‌ట్రాక్ దూరప్రయాణం: అంచెలు కలపాలా, విడగొట్టాలా?

అమెరికాలో తూర్పు తీరం నుంచి పడమటి తీరానికి ఒకే రైల్లో వెళ్ళే వీలు ఈరోజు లేదు. 1993లో సన్‌సెట్ లిమిటెడ్‌ను లాస్ ఏంజెలెస్ నుంచి ఫ్లోరిడా దాకా పొడిగించారు. 2005లో కత్రినా తుఫాను వచ్చాక న్యూ ఆర్లీన్స్‌కు తూర్పున ఆ రైలు ఆగిపోయింది, మళ్ళీ నడవలేదు. అందుకే న్యూయార్క్ నుంచి కాలిఫోర్నియా వెళ్ళాలన్నా, వాషింగ్టన్ నుంచి సియాటిల్ వెళ్ళాలన్నా షికాగోలోనో న్యూ ఆర్లీన్స్‌లోనో రైలు మారక తప్పదు. దూరప్రయాణం అంటేనే రెండు మూడు అంచెల ప్రయాణం.

ఈ అంచెలన్నీ అమెరికా జాతీయ ప్రయాణికుల రైలు సంస్థ ఆమ్‌ట్రాక్ తన ప్రయాణికులకు ఇచ్చే గెస్ట్ రివార్డ్స్ పాయింట్లతో బుక్ చేయాలనుకునేవాళ్ళ ముందు ఉండే అసలు ప్రశ్న ఒక్కటే. మొత్తం ప్రయాణాన్ని ఒకే రిజర్వేషన్‌లో పెట్టాలా, అంచెకొకటి చొప్పున విడిగా తీసుకోవాలా? చాలాసార్లు విడగొడితే పాయింట్లు మిగులుతాయి. కానీ రైలు ఆలస్యమైన రోజున కలిపి తీసుకున్నవాళ్ళకే రక్షణ ఉంటుంది. తక్కిన మెళకువలన్నీ ఈ రెంటి మధ్య బేరం కుదుర్చుకోవడంలో భాగమే.

పాత లెక్క ఎందుకు పనిచేయదు

గెస్ట్ రివార్డ్స్ పథకం 2000లో మొదలైంది. 2016 జనవరి 24 దాకా అందులో దేశాన్ని మూడు మండలాలుగా విభజించి, ఎన్ని మండలాలు దాటితే అన్ని పాయింట్లు అని స్థిరమైన పట్టిక ఉండేది. రూమెట్‌కు (ఇద్దరు పడుకునే చిన్న గదికి) ఒక మండలంలో 15,000, రెండింటికి 20,000, మూడింటికి 35,000 పాయింట్లు. ఆ ధర గదికి, గదిలో ఇద్దరు ఉన్నా అంతే. డెన్వర్, ఆల్బుకర్కీ, ఎల్ పాసో లాంటి సరిహద్దు ఊళ్ళు రెండు మండలాల్లోనూ లెక్కకు వచ్చేవి. దాంతో అక్కడ ఎక్కడం, దిగడం ద్వారా ఒక మండలం ధరకే చాలా పొడవైన ప్రయాణం కుదిరేది. మూడు నాలుగు రైళ్ళు మారుతూ దేశమంతా చుట్టే దారులను పాయింట్ల ప్రియులు ఎంతో ఓపికగా కనిపెట్టి దాచుకునేవాళ్ళు.

అదంతా ఆ తేదీతో ముగిసింది. ఇప్పుడు పాయింట్ల ధర ఆ రోజు ఆ రైలుకు ఉన్న డాలర్ల ఛార్జీని బట్టి నడుస్తుంది. ఛార్జీ పెరిగితే పాయింట్లూ పెరుగుతాయి, తగ్గితే తగ్గుతాయి. పాత వ్యాసాలు చదివి "ఎంత దూరం వెళితే అంత లాభం" అనుకుని వచ్చేవాళ్ళకు ఇక్కడే మొదటి నిరాశ ఎదురవుతుంది. ఇప్పుడు అంచెలు పెంచుకుంటూ పోతే దక్కే లాభం ఏమీ లేదు. ప్రతి అంచె తన ఖరీదు తాను వసూలు చేస్తుంది.

ఒక పాయింటు విలువ లెక్కగట్టడం తేలిక. టికెట్ డాలర్ ధరను సెంట్లలోకి మార్చి, అడిగిన పాయింట్లతో భాగిస్తే చాలు. ఒక ప్రయాణానికి 600 డాలర్లు, లేదా 24,000 పాయింట్లు అడిగారనుకుందాం. 60,000 సెంట్లను 24,000తో భాగిస్తే పాయింటుకు 2.5 సెంట్లు. అయితే ఈ లెక్కలో ఒక లోపం ఉంది. డబ్బు కట్టి వెళితే డాలర్‌కు 2 పాయింట్ల చొప్పున 1,200 పాయింట్లు తిరిగి వస్తాయి. పాయింట్లతో వెళ్ళిన ప్రయాణానికి కొత్త పాయింట్లు రావు. ఆ 1,200 విలువ 30 డాలర్లు. అంటే పాయింట్లు వాడటం వల్ల నిజంగా మిగిలింది 570 డాలర్లే, పాయింటుకు 2.375 సెంట్లు పడినట్టు. సభ్యత్వ హోదా నిలబెట్టుకోవాలని చూసేవాళ్ళకు ఇంకో నష్టం కూడా ఉంది. సెలెక్ట్ హోదాకు ఏడాదిలో 5,000, సెలెక్ట్ ప్లస్‌కు 10,000, సెలెక్ట్ ఎగ్జిక్యూటివ్‌కు 20,000 అర్హత పాయింట్లు కావాలి. పాయింట్ల ప్రయాణం ఆ ఖాతాలో ఏమీ చేర్చదు.

మరోవైపు ఆమ్‌ట్రాక్ ప్రిఫర్డ్ మాస్టర్‌కార్డ్ ఉన్నవాళ్ళకు వాడిన పాయింట్లలో 5 శాతం వెనక్కి వస్తుంది. పై ఉదాహరణలో అది కూడా 1,200 పాయింట్లే. పోయిందీ వచ్చిందీ సరిసమానం అన్నమాట. 65 ఏళ్ళు దాటినవాళ్ళకు రైలు ఛార్జీలో 10 శాతం, 2 నుంచి 12 ఏళ్ళ పిల్లలకు సగం తగ్గింపు ఉంటుంది. కాబట్టి పోల్చేటప్పుడు ఆ తగ్గింపులన్నీ పోగా చేతి నుంచి నిజంగా కట్టాల్సిన డబ్బుతోనే పోల్చాలి. తెర మీద మామూలుగా కనిపించే ధర పెట్టి లెక్క వేస్తే పాయింట్ల విలువ ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది.

ఈ నిష్పత్తి రైలు నుంచి రైలుకు, తేదీ నుంచి తేదీకి పెద్దగా మారదు. అందుకని "పాయింటుకు ఎక్కువ విలువ ఎక్కడ వస్తుంది" అని వెతకడం కంటే "అసలు ధర ఎప్పుడు తక్కువగా ఉంది" అని వెతకడమే మేలు. పాయింట్లను డబ్బుగానే చూడాలి. 900 డాలర్ల రూమెట్‌ను పాయింట్లతో కొన్నామని సంతోషించే ముందు, అదే రూమెట్ నాలుగు రోజుల తర్వాత 550కి ఉందేమో చూడటం లాభం.

ధర ఎక్కడ పుడుతుంది

స్లీపర్ గది ధరలో రెండు భాగాలు ఉంటాయి. ఒకటి మనిషికి పడే రైలు ఛార్జీ, రెండోది గదికి పడే ఛార్జీ. గది ఛార్జీ ఒక్కరు ఉన్నా ఇద్దరు ఉన్నా ఒక్కటే. రూమెట్‌లో రెండో మనిషి చేరితే అదనంగా పడేది రైలు ఛార్జీ ఒక్కటే. అందుకే ఒంటరి ప్రయాణికుడికి రూమెట్ భారంగా తోస్తుంది, ఇద్దరికి తలసరి పాయింట్లు బాగా తగ్గుతాయి. భోజనం కూడా గది ధరలోనే, ఇద్దరికీ. షికాగో నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి ఎమరీవిల్ దాకా కాలిఫోర్నియా జెఫైర్ రైల్లో, దాదాపు 52 గంటల్లో 2,438 మైళ్ళు, ఒక్కొక్కరికి ఆరు పూటలు వస్తాయి: మొదటి రోజు రాత్రి ఒకటి, రెండో రోజు మూడు, మూడో రోజు ఉదయం, మధ్యాహ్నం.

గది ఛార్జీ మెట్లు మెట్లుగా ఉంటుంది. తరచూ వెళ్ళేవాళ్ళు వీటిని బకెట్లు అంటారు. అట్టడుగు మెట్టులో ఉన్న గదులు అమ్ముడయ్యాక ధర ఒక్కసారిగా పై మెట్టుకు దూకుతుంది. ఎవరైనా రద్దు చేసుకుంటే మళ్ళీ కిందికి దిగవచ్చు. సూపర్‌లైనర్ అనే రెండంతస్తుల స్లీపర్ పెట్టెలో ఉండేది 14 రూమెట్లు, 5 బెడ్‌రూములు, ఒక కుటుంబ గది, ఒక దివ్యాంగుల గది. అందులో ఒక రూమెట్ మామూలుగా సహాయకుడికి పోతుంది. ఇంత తక్కువ గదులున్నప్పుడు నాలుగు బుకింగులతోనే మెట్టు మారిపోవడంలో ఆశ్చర్యం లేదు. ప్రతి రైలుకూ ఈ మెట్టు విడివిడిగా కదులుతుంది. న్యూయార్క్ నుంచి షికాగో వెళ్ళే లేక్ షోర్ లిమిటెడ్ ఆ రోజు అడుగు మెట్టులో ఉండి, దానికి కలిసే జెఫైర్ పై మెట్టులో ఉండవచ్చు. అంచెలను విడిగా చూడాల్సింది అందుకే.

బుకింగ్ దాదాపు 11 నెలల ముందు తెరుచుకుంటుంది. వేసవి సెలవులకు, క్రిస్మస్ రోజులకు వెళ్ళేవాళ్ళు తేదీ తెరుచుకోగానే తీసుకోవడం మంచిది. నాలుగైదు రోజుల ప్రయాణంలో మొదటి అంచె తెరుచుకున్న రోజున చివరి అంచె ఇంకా తెరుచుకోకపోవచ్చు. అప్పుడు గిరాకీ ఎక్కువ ఉన్న రైలును ముందు పట్టుకుని, మిగతాది తర్వాత ఏజెంటు ద్వారా దానికే చేర్పించమని అడగడం మంచి దారి.

వెతకాల్సిన పద్ధతి

మొదట మొత్తం దారిని ఒకేసారి వెతకాలి. న్యూయార్క్ నుంచి ఎమరీవిల్ అని కొట్టి, పాయింట్లలో ధర చూపమని ఎంచుకుని, వచ్చిన అంకెలు రాసుకోవాలి. ఆ తర్వాత న్యూయార్క్–షికాగో ఒకసారి, షికాగో–ఎమరీవిల్ ఒకసారి విడిగా చూడాలి. రెండో దానికి అదే తేదీతో పాటు ఒక రోజు తర్వాతి తేదీ కూడా చూడాలి. ఈ అంకెలన్నీ పక్కపక్కన ఉంటేనే నిర్ణయం సాధ్యం.

రెండు ఊళ్ళ మధ్య రైలు ఛార్జీ, దారిలోని ముక్కల ఛార్జీల మొత్తం కంటే సాధారణంగా తక్కువ. కోచ్‌లో, అంటే పడక లేని మామూలు సీట్లలో, వెళ్ళేవాళ్ళకు కలిపి తీసుకోవడమే దాదాపు ఎప్పుడూ చవక. గదుల విషయం వేరు. కలిపి వెతికినప్పుడు రెండు రైళ్ళలోనూ ఒకే తరగతి గది ఖాళీగా ఉంటేనే శుభ్రంగా ధర చూపిస్తుంది. ఒక రైల్లో రూమెట్లు అయిపోతే మొత్తం దారికే రూమెట్ లేదన్నట్టు కనిపించవచ్చు. చాలామంది ఇక్కడే "గదులు లేవు" అనుకుని వెనుదిరుగుతారు. విడిగా చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. షికాగో నుంచి పడమటికి రూమెట్ ఉంది, న్యూయార్క్ నుంచి షికాగో దాకా ఒక్క రాత్రికే లేదు. ఆ ఒక్క రాత్రి కోచ్‌లో కూర్చోగలిగితే మొత్తం ప్రయాణం నిలబడుతుంది, పైగా పాయింట్లు బాగా మిగులుతాయి.

వెబ్‌సైట్‌లోని మల్టీ సిటీ అన్న వరుసలో నాలుగు అంచెల దాకా విడివిడిగా ఇచ్చి ఒకే రిజర్వేషన్‌గా తీసుకోవచ్చు. ఒక అంచెకు కోచ్, మరో అంచెకు రూమెట్ కలపడానికి, మధ్యలో ఒక ఊళ్ళో రెండు రోజులు ఆగడానికి ఇదే సాధనం. తెర పాయింట్లలో ధర చూపకపోయినా, కావలసిన కలయిక రాకపోయినా 1-800-872-7245కు ఫోన్ చేయాలి. మొదట జూలీ అనే యంత్రం గొంతు పలుకుతుంది. "ఏజెంట్" అంటే మనిషికి కలుపుతుంది. ఫోన్ చేసే ముందు రైలు నంబర్లు, తేదీలు, ఎక్కే దిగే స్టేషన్లు, గది రకం, తెర మీద అంచెవారీగా కనిపించిన పాయింట్లు కాగితం మీద ఉంచుకోవాలి. "కాలిఫోర్నియాకు రెండు టికెట్లు" అని అడిగితే ఏజెంటుకు కనిపించేది కలిపి ఉన్న మొదటి ధరే. "49వ నంబరు రైలు న్యూయార్క్ నుంచి షికాగో కోచ్, మర్నాడు 5వ నంబరు షికాగో నుంచి ఎమరీవిల్ రూమెట్, ఒకే రిజర్వేషన్‌లో" అని అడిగితే సరిగ్గా అదే దొరుకుతుంది.

ఎమరీవిల్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు రైలు లేదు, ఆమ్‌ట్రాక్ బస్సు ఉంది. గమ్యం శాన్‌ఫ్రాన్సిస్కో అయితే ఎమరీవిల్ దాకా కాకుండా శాన్‌ఫ్రాన్సిస్కో దాకానే వెతకాలి. అప్పుడు బస్సు కూడా అదే రిజర్వేషన్‌లో వస్తుంది, రైలు ఆలస్యమైతే ఆ చివరి ముక్క బాధ్యత కూడా వాళ్ళదే అవుతుంది.

షికాగోలో ఆ నాలుగు గంటలు

విడగొట్టడంలో ఉన్న ప్రమాదమంతా షికాగో యూనియన్ స్టేషన్‌లో బయటపడుతుంది. తూర్పు నుంచి వచ్చే దూరప్రయాణ రైళ్ళు మామూలుగా ఉదయం చేరతాయి. పడమటికి వెళ్ళేవి మధ్యాహ్నం బయల్దేరతాయి: జెఫైర్ 2 గంటలకు, సౌత్‌వెస్ట్ చీఫ్, ఎంపైర్ బిల్డర్ దాని తర్వాత దాదాపు గంట వ్యవధిలో. కాగితం మీద నాలుగు గంటల విరామం. కానీ ఆమ్‌ట్రాక్ రైళ్ళు నడిచే మైళ్ళలో దాదాపు 70 శాతం ఇతరుల పట్టాల మీదే, ముఖ్యంగా సరుకు రవాణా కంపెనీల పట్టాల మీద. ప్రయాణికుల రైలుకు ముందు దారి ఇవ్వాలని చట్టంలో ఉంది. అయినా ఒంటి పట్టా మార్గంలో ఎదురుగా మైలున్నర పొడవు సరుకు రైలు వచ్చి, అది పక్క పట్టాలో ఇమడనప్పుడు ఆగి దారి ఇచ్చేది ప్రయాణికుల రైలే. ఇలాంటివి రెండు మూడు జరిగితే నాలుగు గంటలు కరిగిపోతాయి.

ఇక్కడే హామీ ఉన్న కనెక్షన్ అన్న మాట ముఖ్యం అవుతుంది. ఆమ్‌ట్రాక్ తన వ్యవస్థలో కనెక్షన్‌గా అమ్మిన రెండు రైళ్ళు ఒకే రిజర్వేషన్‌లో ఉండి, మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే, తర్వాత దొరికే రైలులో చోటు ఇవ్వడం లేదా వేరే దారిలో చేర్చడం, రాత్రి ఆగాల్సి వస్తే బస ఏర్పాటు చేయడం ఆమ్‌ట్రాక్ పని. విడివిడి రిజర్వేషన్లు ఉన్నవాళ్ళకు ఈ హామీ లేదు. రెండో రిజర్వేషన్‌ను చూసే కంప్యూటర్‌కు ఆ మనిషి ఇంకా ఒహాయోలో రైల్లో ఉన్నాడన్న సంగతి తెలియదు. రాని ప్రయాణికుడిగానే లెక్క, పాయింట్లు పోయినట్టే. 20,000 పాయింట్ల గది పక్కన 1,500 పాయింట్లు మిగిలాయని విడగొట్టడం తెలివైన పని కాదు. గట్టిగా చెప్పాల్సిన మాట ఇది: ఒకే రోజున రైలు మారాల్సి ఉంటే రెండు అంచెలూ ఒకే రిజర్వేషన్‌లో ఉండాలి, ధర కాస్త ఎక్కువైనా సరే.

మల్టీ సిటీలో సొంతంగా జోడించిన కలయికలన్నిటికీ ఈ హామీ ఉండదు. మామూలు వెతుకులాటలో ఆ రెండు రైళ్ళూ కలిపి ఒక ప్రయాణంగా కనిపిస్తున్నాయా లేదా అన్నదే పరీక్ష. కనిపిస్తే అది ఆమ్‌ట్రాక్ ఒప్పుకున్న కనెక్షన్. కనిపించకపోతే, మధ్యలో గంటన్నర ఉన్నా రెండు గంటలున్నా, ఆ ప్రమాదం ప్రయాణికుడిదే.

విడగొట్టాలనే ఉంటే షికాగోలో ఒక రాత్రి ఉండేలా విడగొట్టాలి. రెండో రైలు మర్నాటిది తీసుకుంటే ఆలస్యం భయం దాదాపు పోతుంది, మెట్టు తక్కువున్న తేదీని ఎంచుకునే స్వేచ్ఛ కూడా వస్తుంది. హోటల్ ఖర్చును మిగిలిన పాయింట్ల విలువలోంచి తీసేసి చూడాలి. 6,000 పాయింట్లు మిగిలితే, పాయింటుకు 2.4 సెంట్ల లెక్కన 144 డాలర్లు. షికాగో నడిబొడ్డున గది అంతకంటే ఎక్కువైతే విడగొట్టి సాధించిందేమీ లేదు. ఊరు చూడాలన్న కోరిక ఉంటే అది వేరే లెక్క.

స్లీపర్ టికెట్ ఉన్నవాళ్ళకు షికాగోలో మెట్రోపాలిటన్ లౌంజ్ ఉంది. సామాను అక్కడ పెట్టి విరామంలో బయటికి వెళ్ళి రావచ్చు. ఒక అంచె కోచ్, ఒక అంచె స్లీపర్ ఉన్నవాళ్ళకు కూడా ఆ రోజు స్లీపర్ టికెట్ ఉంటే ప్రవేశం ఉంటుంది. మొదటి రాత్రి కోచ్‌లో గడిపి వచ్చినవాళ్ళకు అది పెద్ద ఊరట.

వారానికి మూడు రోజుల రైళ్ళు

సన్‌సెట్ లిమిటెడ్, న్యూయార్క్–షికాగో మధ్య తిరిగే కార్డినల్ వారానికి మూడు రోజులే నడుస్తాయి. వీటిని కలిపే ప్రయాణంలో వారం లెక్క ముందు వేసుకుని, పాయింట్ల లెక్క తర్వాత వేసుకోవాలి. సన్‌సెట్ న్యూ ఆర్లీన్స్‌లో సోమ, బుధ, శనివారాల్లో ఉదయం 9కి బయల్దేరుతుంది. న్యూయార్క్ నుంచి క్రెసెంట్ న్యూ ఆర్లీన్స్‌కు రెండో రోజు పొద్దుపోయాక చేరుతుంది. అంటే న్యూయార్క్‌లో శని, సోమ, గురువారాల్లో ఎక్కితేనే ఒక్క రాత్రి ఆగి సన్‌సెట్ అందుకోవచ్చు. వేరే రోజు ఎక్కితే న్యూ ఆర్లీన్స్‌లో రెండు మూడు రాత్రులు తప్పవు. ఒక్క రాత్రి బసకైనా ఖర్చు ప్రయాణికుడిదే, ఎందుకంటే అది ఆలస్యం వల్ల వచ్చిన రాత్రి కాదు. అయితే రాత్రంతా మధ్యలో ఉంది కాబట్టి ఇక్కడ విడి రిజర్వేషన్లకు షికాగోలో ఉన్నంత ప్రమాదం లేదు.

టెక్సస్ ఈగల్ కథ ఇంకా ఆసక్తికరం. అది షికాగో నుంచి శాన్ ఆంటోనియోకు రోజూ నడుస్తుంది. వారంలో మూడు రోజులు దానికి ఒక స్లీపర్, ఒక కోచ్ అదనంగా తగిలించి, శాన్ ఆంటోనియోలో సన్‌సెట్‌కు కలిపి లాస్ ఏంజెలెస్ దాకా తీసుకెళ్తారు. షికాగోలో ఆది, మంగళ, శుక్రవారాల్లో బయల్దేరే రైళ్ళకు ఈ ఏర్పాటు ఉంటుంది. ఆ నేరు పెట్టెల నంబరు 421. నేరుగా వెళ్ళే స్లీపర్ ఒక్కటే కావడంతో దాని గదులు త్వరగా పై మెట్టుకు చేరతాయి. అప్పుడు 21వ నంబరులో (ఈగల్) శాన్ ఆంటోనియో దాకా ఒక గది, అక్కణ్ణుంచి 1వ నంబరులో (సన్‌సెట్) మరో గది విడిగా చూస్తే పాయింట్లు తగ్గవచ్చు. కానీ ఈగల్ శాన్ ఆంటోనియో చేరేది రాత్రి 10 ప్రాంతంలో. సన్‌సెట్ బయల్దేరేది తెల్లవారుజామున 2:45కి. నేరు పెట్టెలో ఉన్నవాళ్ళు ఆ సమయమంతా తమ పడక మీద నిద్రపోతారు, అర్ధరాత్రి పెట్టెలు మార్చే కుదుపు మాత్రమే తెలుస్తుంది. విడగొట్టినవాళ్ళు సామానుతో దిగి స్టేషన్‌లో కూర్చుంటారు. పిల్లలతోనో పెద్దవాళ్ళతోనో వెళ్ళేటప్పుడు ఈ ఆదా చేయకూడదు.

ఒకే రైలును రెండుగా కోయడం

రైలు మారకుండానే ఒకే రైలులో అంచెలు విడగొట్టే పద్ధతి ఒకటుంది. పాయింట్లు తక్కువగా ఉన్నవాళ్ళకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది ఇదే. సౌత్‌వెస్ట్ చీఫ్‌ను తీసుకుందాం. షికాగోలో మధ్యాహ్నం బయల్దేరి, మర్నాడు సాయంత్రం 4 ప్రాంతంలో ఆల్బుకర్కీ, ఆ తర్వాతి ఉదయం లాస్ ఏంజెలెస్. రెండు రాత్రులు. మొత్తానికి రూమెట్ అందనంత ధరలో ఉంటే, షికాగో నుంచి ఆల్బుకర్కీ దాకా కోచ్, అక్కణ్ణుంచి రూమెట్ అని విడిగా చూడవచ్చు. కోచ్ సీట్లు వెనక్కి బాగా వాలతాయి, కాళ్ళకు చోటు ఉంటుంది. ఒక రాత్రి దాని మీద గడపడం చాలామందికి కష్టం కాదు, రెండో రాత్రే నడుము పట్టేస్తుంది.

కోసే చోటు ముఖ్యం. రైలు ఎక్కువసేపు ఆగే స్టేషన్‌లోనే కోయాలి. చీఫ్‌కు ఆల్బుకర్కీ, జెఫైర్‌కు డెన్వర్ అలాంటివి. నీళ్ళు పట్టడం, చెత్త దించడం, సిబ్బంది మారడం అక్కడ జరుగుతాయి. ముందు రాత్రి గదిలో ఉన్నవాళ్ళు దిగాక సహాయకుడు దుప్పట్లు మార్చి గది సిద్ధం చేయడానికి కూడా సమయం దొరుకుతుంది. రెండు నిమిషాలు ఆగే చిన్న స్టేషన్‌లో కోస్తే సామానుతో కోచ్ నుంచి స్లీపర్ దాకా, మధ్యలో భోజనం పెట్టె, లౌంజ్ పెట్టె దాటుతూ కదిలే రైల్లో నడవాలి. ఎంపైర్ బిల్డర్‌లో ఇంకో జాగ్రత్త అవసరం. స్పోకేన్‌లో ఆ రైలు రెండుగా చీలి ఒక భాగం సియాటిల్‌కు, ఒక భాగం పోర్ట్‌లాండ్‌కు వెళ్తుంది. భోజనం పెట్టె సియాటిల్ భాగంతో, లౌంజ్ పోర్ట్‌లాండ్ భాగంతో పోతాయి. స్పోకేన్ దగ్గర అంచె మారేవాళ్ళు సరైన పెట్టెలో ఉన్నారో లేదో ముందు రాత్రే కండక్టరును అడిగి తెలుసుకోవాలి.

ఈ కోత ప్రతిసారీ లాభం ఇవ్వదు. ఒక్క రాత్రి గదికి, మొత్తం ప్రయాణపు గదికి పెద్ద తేడా లేని రోజులూ ఉంటాయి. గదిని ముక్కగా అమ్మితే మిగతా దూరం ఖాళీగా పోతుందన్న లెక్క అమ్మేవాళ్ళకూ ఉంటుంది. కోచ్‌లో గడిపిన పగళ్ళలో భోజనం సొంత ఖర్చు అన్నది కూడా కలుపుకోవాలి.

పాయింట్లు పోయే చోట్లు

బుకింగ్ చేశాక పెద్ద నష్టం తెచ్చేది ఒకే ఒక్క పొరపాటు. మొదటి అంచె ఎక్కకుండా, ఏమీ చెప్పకుండా రెండో అంచె దగ్గర ఎక్కవచ్చులే అనుకోవడం. కండక్టరు టికెట్ స్కాన్ చేయలేదంటే ప్రయాణికుడు రాలేదని అర్థం, అదే రిజర్వేషన్‌లోని తర్వాతి అంచెలన్నీ వాటంతటవే రద్దవుతాయి. స్నేహితులు కారులో దింపుతామన్నారని షికాగోకు బదులు ఇలినాయ్‌లోనే మరో స్టేషన్‌లో ఎక్కాలనుకున్నా, మొదటి రైలు బయల్దేరక ముందే ఫోన్ చేసి మార్పించాలి. మార్పించినప్పుడు ధర ఆ రోజు ఉన్న మెట్టు ప్రకారం మళ్ళీ లెక్కించే అవకాశం ఉంది కాబట్టి, ఒప్పుకునే ముందు కొత్త పాయింట్ల అంకెను ఏజెంటు నోటితో చెప్పించుకోవాలి.

రద్దు నిబంధనలు కోచ్‌కు ఒక రకం, గదులకు ఒక రకం. అవి కాలానుగుణంగా మారుతుంటాయి కూడా. డబ్బు కట్టే ముందు తెర మీద చూపే షరతును చదివి, రద్దు రుసుము ఎంత శాతం, ఎన్ని రోజుల ముందు దాకా రుసుము లేదు అన్న రెండూ రాసుకోవాలి. పాయింట్ల టికెట్‌కు ఆ రుసుము పాయింట్లలోనే కోస్తారు. నాలుగు అంచెలు ఒకే రిజర్వేషన్‌లో ఉన్నప్పుడు ఒక్క అంచెను తీసేయాలన్నా మిగతావాటి ధర కదలవచ్చు. ఒక అంచె మీద అనుమానం ఉంటే దాన్ని మొదటి నుంచీ విడిగా ఉంచడం మేలు. హామీ కనెక్షన్ అవసరం లేని అంచె అయితేనే సుమా.

24 నెలలు ఖాతాలో ఏ కదలికా లేకపోతే పాయింట్లు గడువు తీరిపోతాయి. రెండేళ్ళకోసారి పెద్ద ప్రయాణం చేసేవాళ్ళు మధ్యలో ఒక చిన్న ప్రయాణమైనా ఖాతాలో పడేలా చూసుకోవాలి. కొన్ని పాయింట్లు తక్కువ పడినప్పుడు డబ్బు పెట్టి పాయింట్లు కొనే ముందు, కొనే ధరను పై లెక్కలోని 2.3, 2.4 సెంట్లతో పోల్చాలి. అంతకంటే ఎక్కువకు కొని వాడితే నష్టమే. దానికి బదులు చవకైన అంచెకు డబ్బు కట్టి, ఖరీదైన అంచెకు పాయింట్లు వాడవచ్చు. అప్పుడు ఆ రెండు అంచెల మధ్య ఒక రాత్రి ఉండాలి, లేదా రెండు రిజర్వేషన్లూ కనెక్షన్ హామీ లేనివని తెలిసి తీసుకోవాలి.

బుక్ చేశాక కూడా వారానికోసారి ధర చూస్తుండటం మంచిది. మెట్టు దిగితే, రుసుము లేకుండా మార్చుకునే గడువులో ఉన్నంతవరకు కొత్త ధరకు మార్పించుకుని తేడా పాయింట్లు వెనక్కి తీసుకోవచ్చు. రుసుము పడే రోజులు వచ్చేశాయంటే ముందు తేడా ఎంతో, రుసుము ఎంతో చూసుకోవాలి. ఆమ్‌ట్రాకే రైలును రద్దు చేస్తే పాయింట్లు పూర్తిగా తిరిగి వస్తాయి. అలా రద్దయిన సందేశం ఫోన్‌కు వచ్చిన వెంటనే, ఇంట్లో ఉండగానే, తర్వాతి అంచెల సంగతి ఏజెంటుతో తేల్చుకోవాలి. ఒకే రిజర్వేషన్ అయితే అన్నీ కలిపి మరో తేదీకి జరుపుతారు. విడి రిజర్వేషన్లయితే, నడుస్తున్న రైలు తాలూకు రెండో దాన్ని అది బయల్దేరక ముందే ప్రయాణికుడే రద్దు చేసుకోవాలి.